గాలితో పలికిన రేడియో

కాకినాడకు చేరువన వాకలపూడి వద్దనున్న దీపస్తంభమును చూచినవారు ఎందరో కలరు. నడిసముద్రమున ఓడ నడుపువానితో అది ఎక్కువ మాటలాడదు. తాను అచ్చట ఉన్నానని మాత్రము రాత్రియంతయు కాంతి రూపమున తెలుపుచుండును. రేడియోలో కూడ ఇట్టి దీపస్తంభములు కలవు. వీనిని బీకన్లు అందురు. ఇవి కాంతికి బదులు రేడియో తరంగములను వెలువరించును. ఔత్సాహిక రేడియోకారులు, అనగా లోకము 'హామ్‌'లని పిలుచువారు, తమ చేతులతో నిర్మించుకొను బీకన్ మిక్కిలి చిన్న యంత్రము. తన పేరును మోర్సు సంకేతములలో మరల మరల పలుకుటయే దాని పని. దూరదేశమున ఆ పేరు వినబడినచో ఆ దిక్కునకు రేడియో దారి తెరచియున్నదని తెలియును. వినబడనిచో ఆ వేళకు మూసికొన్నదని తెలియును.

బీకనునకు తగిన చోటు చుట్టును అడ్డములేని కొండకొమ్ము. అట్టి చోటికి విద్యుత్తు తీగెలు సాధారణముగా పోవు. వారము వారము బేటరీని భుజమున వేసికొని కొండ ఎక్కువారు ఎందరుందురు? గాలి మాత్రము అచ్చట పైకము అడుగక వీచుచుండును. ఒక చిన్న గాలిమరను నిలిపి దానితో బీకనును నడుపరాదా అని విద్యార్థులు అడుగుచుందురు. నడుపవచ్చును. ఇది క్రొత్తగా పుట్టిన ఆలోచన కూడ కాదు. గాలిమరకును రేడియోకును చుట్టరికము కలిసి దాదాపు నూరు సంవత్సరములు కావచ్చినది. ఆ చుట్టరికమున మొదటినుండి ఒక చిక్కు కలదు. గాలి మనము పిలిచినపుడు రాదు. రేడియో మాత్రము గడియారము చెప్పిన వేళకు పలుకవలెను. ఈ రెండింటికిని పొత్తు కుదుర్చుటకు పలువురు పడిన పాట్లే ఈ వ్యాసమునకు విషయము.

గాలితో నీరు తోడుట, పిండి విసరుట శతాబ్దముల నాటి విద్య. గాలితో విద్యుచ్ఛక్తిని పుట్టించుట 19వ శతాబ్దపు చివర మొదలయ్యెను. స్కాట్లండులో గ్లాస్గో నగరపు ఆచార్యుడు జేమ్స్ బ్లైత్ 1887లో మేరీకర్క్ అను పల్లెలోని తన విడిది ఇంటి తోటలో గుడ్డ రెక్కల గాలిమరను నిలిపి, ఆ విద్యుత్తును బేటరీలలో నింపి, ఇంట దీపములు వెలిగించెను. మిగిలిన విద్యుత్తుతో ఊరి వీధికి దీపములు పెట్టెదనని ఆయన చెప్పగా, అది దయ్యముల పని అని ఊరివారు నిరాకరించిరట! మరుసటి సంవత్సరము అమెరికాలో చార్లెస్ బ్రష్ అను ధనికుడైన యంత్రశాస్త్రజ్ఞుడు క్లీవ్‌లండులోని తన పెరటిలో 56 అడుగుల వ్యాసము, 144 కొయ్యరెక్కలు గల మహాచక్రమును నిర్మించెను. దాని శక్తి 12 కిలోవాట్లు. ఇంటి నేలమాళిగలో బేటరీలు వరుసలుగా ఉండెడివి. ఈ రెండు గాథలలోను పాఠకులు గమనింపదగినది బేటరీ. మొదటి దినమునుండియు గాలిమర ప్రక్కన బేటరీ లేకపోలేదు.

వీరిరువురికంటె మనకు, అనగా ఉపాధ్యాయవృత్తిలో నున్నవారికి, ఎక్కువ దగ్గరివాడు డెన్మార్కు దేశీయుడు పౌల్ ల కూర్. ఆయన అస్కోవ్ అను పల్లెలోని జానపద ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్ర బోధకుడు. 1891లో పాఠశాల ఆవరణమునందే ఆయన గాలిమరను నిలిపెను. గాలి లేని రోజున ఏమి చేయవలెనను ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు విచిత్రమైనది. గాలిమర విద్యుత్తుతో నీటిని విశ్లేషించి హైడ్రోజనును, ఆక్సిజనును తొట్లలో నిల్వచేసి, ఆ వాయువులతో పాఠశాలకు దీపములు వెలిగించెను. మనము తరగతిలో చిన్న గాజు పాత్రలో చూపు విద్యుద్విశ్లేషణమును ఆయన పాఠశాలకంతకు సరిపడునట్లు చేసి చూపెనన్నమాట. అంతటితో తృప్తిపడక, గాలిని గొట్టములగుండ ఊది రెక్కల నమూనాలను పరీక్షించెను. రెక్కలు ఎక్కువైనకొలది శక్తి ఎక్కువ వచ్చునని అందరును నమ్మిన కాలమది. విద్యుత్తునకు కావలసినది వేగముగా తిరుగు కొలది రెక్కలు మాత్రమే అని ఆయన తేల్చెను. పల్లెటూళ్ళలో విద్యుత్తు పనులు చేయుటకు యువకులకు శిక్షణ కూడ ఇచ్చెను.

ఈ రెక్కల సంగతి కొంత వివరింపవలెను. నీరు తోడు గాలిమరకు చుట్టును దట్టముగా రెక్కలుండును. పంపు కడ్డీ బరువైనది. నిలిచియున్న దానిని కదలించుటకు పెద్ద త్రిప్పుడుబలము కావలెను; వేగముతో దానికి పనిలేదు. డైనమోకు కావలసినది దీనికి తలక్రిందులు. అది తేలికగానే తిరుగును గాని, నిమిషమునకు కొన్ని వందల చుట్లు తిరిగినగాని తగిన వోల్టేజి పుట్టదు. దట్టమైన చక్రమునకు డైనమోను కట్టుట ఎద్దులబండికి విమానపు ఇంజను బిగించుటవంటిదే. ఇక గాలిలోని శక్తి గాలి వేగపు ఘనమునకు అనుపాతములో నుండును. వేగము రెట్టింపైన శక్తి ఎనిమిది రెట్లగును. వేగము సగమైన శక్తి ఎనిమిదవ వంతునకు పడిపోవును. అందులోను మనకు దక్కునది కొంతయే. ఎంత చక్కని రెక్కలైనను గాలిలోని శక్తిలో నూటికి 59 వంతులకు మించి గ్రహింపజాలవని జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెట్జ్ 1920 ప్రాంతమున గణితమూలమున నిరూపించెను. గాలిని పూర్తిగా ఆపినచో వెనుకనుండి వచ్చు గాలికి పోవుటకు దారి ఉండదు గదా!

రేడియో రాక పూర్వమే గాలిమర ధ్రువప్రాంతములకు ప్రయాణమైనది. నార్వే దేశీయుడు నాన్సెన్ 1893లో 'ఫ్రామ్' అను ఓడను మంచులో చిక్కుకొనునట్లు చేసి ఉత్తరధ్రువమువైపు కొట్టుకొనిపోదలచినపుడు, ఓడపై ఒక గాలిమరను, డైనమోను అమర్చిరి. మాసముల తరబడి సూర్యుడు కానరాని ఆ చీకటిలో గాలి వీచినపుడు ఆర్కు దీపము వెలిగెడిది. కాని ఓడలోనివారు లోకముతో మూడు సంవత్సరములు ఒక్క మాటయు మాటలాడలేదు. వెలుగు ఉండెను, వాక్కు లేదు.

20వ శతాబ్దపు మూడవ దశకమున ఆ వాక్కు వచ్చినది. 1920 నవంబరు 2వ తేదీన అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరమున కె.డి.కె.ఎ. అను కేంద్రము అధ్యక్ష ఎన్నికల ఫలితములను ప్రసారముచేసెను. పిమ్మట కొలది సంవత్సరములలోనే ఇంటింట రేడియో వెలసినది. ఇచట 'ఇంటింట' అనుటలో కొంత అతిశయోక్తి కలదు. అది పట్టణములలోని మాట. 1930 తరువాతి సంవత్సరములలో కూడ అమెరికా వ్యవసాయ క్షేత్రములలో విద్యుత్తు తీగెలు చేరినవి నూటికి పది మాత్రమే. మోంటానా, డకోటా, అయోవా వంటి రాష్ట్రములలో ఒక ఇంటికిని మరియొక ఇంటికిని మైళ్ళ దూరము. ధాన్యము, పశువుల ధరలు, రానున్న మంచుతుఫాను వార్త, ఆదివారపు పాట, ఇవన్నియు రేడియోలో కలవని అచ్చటి రైతునకు తెలియును. రేడియో కొనగలడు. దానికి మేత పెట్టుటయే కష్టము.

నాటి వాల్వు రేడియోకు కనీసము రెండు బేటరీలు కావలెను. వాల్వులోని తంతువును వేడిచేయుటకు తక్కువ వోల్టేజి గల 'ఎ' బేటరీ. ఎలక్ట్రానులను పళ్ళెము వైపునకు లాగుటకు 90 వోల్టులో, అంతకు పైనో ఉండు 'బి' బేటరీ. ఎక్కువగా ఖర్చగునది 'ఎ'. ఇది తరచుగా సీసపు పలకల బేటరీ. దీనిని మోసికొనిపోయి పట్టణములో ఛార్జి చేయింపవలెను. కొందరు రైతులు కారులోని బేటరీని విప్పి ఇంటిలోనికి తెచ్చి రేడియో వినెడివారు. తెల్లవారి కారు కదలనిచో ఆశ్చర్యమేమున్నది! మన గ్రామములలో పంచాయతీ రేడియోలు బేటరీలతో పనిచేసిన రోజులను ఎరిగిన పెద్దలకు ఈ అవస్థ వేరుగా వర్ణింపనక్కరలేదు.

అయోవా రాష్ట్రమున జాన్ ఆల్బర్స్, గెర్హార్డ్ ఆల్బర్స్ అను అన్నదమ్ములు ఈ చిక్కునకు ఉపాయము ఆలోచించిరి. రెండు రెక్కల చిన్న ప్రొపెల్లరు, దానికొక డైనమో, వెనుక తోక, ఇంటి కప్పుమీద నిలుపుటకొక చట్రము. ఇంతే యంత్రము. ఆరు వోల్టుల బేటరీని ఛార్జి చేయుటయే దాని పని. దీనికి 'విండ్‌చార్జర్' అని పేరు. గాలి హెచ్చినపుడు రెక్కలు విరుగకుండ ఒక సులువైన ఏర్పాటు కూడ అందున్నది. ఇరుసు చుట్టును రెండు వంపు రేకులుండును. వేగము మితిమీరినపుడు అపకేంద్రబలముచే అవి బయటికి తెరచికొని గాలిని కొట్టుచు వేగమును తగ్గించును.

ఈ యంత్రమును చూచి దాని విలువ గ్రహించినవాడు జెనిత్ రేడియో కంపెనీ అధిపతి, కమాండర్ యూజీన్ మెక్‌డొనాల్డ్. ఈయనకు ఈ గ్రహింపు ఎట్లు కలిగెనో చెప్పుటకు కొంచెము వెనుకకు పోవలెను. ఔత్సాహిక రేడియోకారుల కథ ఈ కథతో కలియునదిచ్చటనే.

200 మీటర్లకు లోపలి తరంగదైర్ఘ్యములు దూరప్రసారమునకు పనికిరావని 1912 ప్రాంతమున పెద్దలందరు నమ్మిరి. అందుచే వానిని ఔత్సాహికులకు వదలిపెట్టిరి. పనికిరాని పొలమును పిల్లలకు ఆడుకొనుట కిచ్చినట్లు. 1923 నవంబరులో ఆ 'పిల్లలు' సుమారు 110 మీటర్ల తరంగములపై అమెరికాకును ఫ్రాన్సుకును మధ్య అట్లాంటిక్ మహాసముద్రముమీదుగా సంభాషణ జరిపిరి. అమెరికా వైపున ఫ్రెడ్ ష్నెల్, జాన్ రైనార్ట్జ్. ఫ్రాన్సు వైపున నీస్ నగరవాసి లియాన్ డెలాయ్. వాతావరణపు పై పొరలలో సూర్యకిరణములచే ఏర్పడు అయనావరణము ఈ పొట్టి తరంగములను అద్దమువలె భూమికి త్రిప్పి పంపుచున్నదని తరువాత స్పష్టమయ్యెను. ఇందు మన కథకు కావలసిన అంశము ఒకటి కలదు. పొట్టి తరంగములతో దూరము పోవుటకు మహత్తర శక్తి అక్కరలేదు. దారి తెరచియుండిన చాలును. అనగా రేడియో ఆకలి ఒక్కసారిగా తగ్గిపోయినది. కిలోవాట్లు కోరిన యంత్రము వాట్లతో తృప్తిపడుటకు సిద్ధమైనది.

1923లో మెక్‌మిలన్ అను ఆర్కిటిక్ అన్వేషకుడు 'బౌడోయిన్' అను ఓడలో ఉత్తరమునకు పోవునపుడు డొనాల్డ్ మిక్స్ అను ఔత్సాహికుని రేడియోతో సహా వెంటగొనిపోయెను. పరికరములు జెనిత్ వారివి. 1925లో మెక్‌మిలన్ మరల పోయినపుడు మెక్‌డొనాల్డ్ స్వయముగా రెండవ ఓడకు నాయకుడై వెళ్ళెను. రేడియో పని చూచినవారిలో పైన చెప్పిన రైనార్ట్జ్ ఉండెను. ఆ యాత్రలోనే నౌకాదళపు విమానముల నాయకుడుగా రిచర్డ్ బర్డ్ అను అధికారి కూడ ఉండెను. ఆయనను పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. గ్రీన్లాండు వైపునుండి పొట్టి తరంగములపై పంపిన వార్తలు భూగోళమునకు ఆవలివైపున న్యూజీలాండు ప్రాంతమున నున్న అమెరికా నౌకాదళమునకు అందినవి. అక్కడ వినుచున్నవాడు ఫ్రెడ్ ష్నెల్! తీగెలులేని చోట రేడియో బ్రదుకుట ఎట్లో కన్నులార చూచిన మెక్‌డొనాల్డునకు అయోవా రైతు కష్టము వేరుగా తెలుపనవసరము లేకపోయినది.

1935లో జెనిత్ కంపెనీ విండ్‌చార్జర్ సంస్థలో అధికభాగమును కొనెను. ఆరు వోల్టుల బేటరీ ఒక్కటితోనే పనిచేయు రేడియోలను తయారుచేసెను. 'బి' బేటరీ స్థానమున వైబ్రేటర్ అను చిన్న కంపన పరికరము వచ్చి చేరెను. అది ఆరు వోల్టుల ఏకముఖ ప్రవాహమును సెకనునకు నూరు సార్లకు పైగా త్రెంచుచు కలుపుచుండును. అట్లు ముక్కలైన ప్రవాహమును ట్రాన్స్‌ఫార్మరు పెద్ద వోల్టేజిగా మార్చును. ఏకముఖ ప్రవాహము ట్రాన్స్‌ఫార్మరులో పనిచేయదని పాఠములో చదివిన విద్యార్థికి ఇది మంచి ఉదాహరణము. రేడియో కొన్నవారికి కొంతకాలము పది డాలర్లకే విండ్‌చార్జరు నిచ్చిరి. సంవత్సరమునకు అర డాలరు ఖర్చుతో రేడియో నడచునని ప్రకటించిరి. వ్యాపారుల ప్రకటనలను తగ్గించి చదువుట మంచిదే గాని, ఈ ప్రకటనలో సత్యము లేకపోలేదు.

మోంటానాలో మార్సెల్లస్ జేకబ్స్ అను రైతుబిడ్డ మరియొక మార్గమున పోయెను. నీరుతోడు గాలిమర చక్రమును డైనమోకు కట్టి చూచి, అది చాలినంత వేగముగా తిరుగదని తెలిసికొనెను. విమానము నడుపుట నేర్చినపుడు ప్రొపెల్లరు ఆయన కంట పడెను. మొదట రెండు రెక్కలు పెట్టెను. గాలి దిక్కు మారి తోక యంత్రమును త్రిప్పునపుడు అది గడగడ వణకెడిది. కారణమిది: రెండు రెక్కలు అడ్డముగా నున్నపుడు యంత్రమును ప్రక్కకు త్రిప్పుట కష్టము, నిలువుగా నున్నపుడు సులభము. కనుక ఒక్క చుట్టులోనే రెండు కుదుపులు కలుగును. మూడు రెక్కలు పెట్టినచో ఏ స్థితిలోనైనను జడత్వ భ్రామకము సమానముగా నుండును, వణకు పోవును. నేడు కొండలపై కనబడు మహా గాలిమరలకు మూడు రెక్కలుండుటకు గల కారణములలో ఇది యొకటి. జేకబ్స్ యంత్రము రేడియోకు మాత్రమే గాక ఇంటి దీపములకును, శీతల పేటికకును సరిపోవు రెండు మూడు కిలోవాట్ల యంత్రము. పళ్ళచక్రములు లేక డైనమో నేరుగా రెక్కల ఇరుసునకే అమరియుండును. వేగము హెచ్చినపుడు బరువు గుండ్లు బయటికి జరిగి రెక్కల కోణమును మార్చును. నా అభిప్రాయమున ఆ కాలపు చిన్న గాలిమరలలో దీనికి సాటి లేదు. ఖరీదు మాత్రము విండ్‌చార్జరుకంటె ఎన్నో రెట్లు.

ఇక బర్డ్ సంగతి. 1933లో ఆయన దక్షిణధ్రువ ఖండమునకు రెండవ యాత్ర సాగించెను. సముద్రపుటంచున మంచుపై 'లిటిల్ అమెరికా' అను శిబిరమును నెలకొల్పిరి. అచ్చటినుండి 1934లో పొట్టి తరంగములపై పంపిన కార్యక్రమములు అమెరికా ఇండ్లలో వినబడెను. శిబిరమునకు పెట్రోలు డైనమోలు ముఖ్యాధారము. వానికి తోడుగా ఒక జేకబ్స్ గాలిమర కూడ పోయినది. ఏండ్లు గడచి మంచు శిబిరమును కప్పివేసిన పిమ్మట వెళ్ళినవారికి పైకి కనబడు గోపురపు కొనయందు రెక్కలు ఇంకను తిరుగుచుండెనని జేకబ్స్ గర్వముగా చెప్పుకొనెడివాడు.

లిటిల్ అమెరికాకు దక్షిణమున 123 మైళ్ళ దూరమున మంచులో ఒక చిన్న గుడిసెను పాతిపెట్టిరి. శీతకాలమంతయు వాతావరణ కొలతలు తీయుటకు బర్డ్ అందులో 1934 మార్చి చివరనుండి ఒంటరిగా నివసించెను. గుడిసెపైన ఒక కంబమున గాలి వేగమును కొలుచు గిన్నెలు, గాలిదిక్కు సూచి ఉండెను. ఆ కొలతలు లోపల కాగితముమీద తమంతట తామే నమోదగును. సూచిపై పేరుకొన్న మంచును గోకుటకు ఆయన ఆ చలిలో కంబము ఎక్కెడివాడు. శిబిరముతో ఆయనకు మిగిలిన బంధము రేడియో ఒక్కటే. శిబిరమువారి గొంతు ఆయన వినును. జవాబు తాను మోర్సులో కొట్టవలెను. మోర్సులో ఆయనకు నేర్పు తక్కువ. ఆ ప్రసారిణికి శక్తినిచ్చునది గుడిసె ప్రక్కన మంచు సొరంగములో ఉంచిన పెట్రోలు ఇంజను.

పెట్రోలు మండినపుడు ఆక్సిజను చాలనిచో కార్బన్ మోనాక్సైడ్ పుట్టును. దానికి వాసన లేదు, రంగు లేదు. రక్తములోని హీమోగ్లోబినును అది ఆక్సిజనుకంటె రెండు వందల రెట్లకు మించిన ఆసక్తితో పట్టుకొనును. పట్టుకొన్న పిమ్మట సులభముగా వదలదు. మే 31వ తేదీన బర్డ్ శిబిరముతో మాటలాడుచుండగా ఇంజను చప్పుడు తప్పినది. చూచుటకు సొరంగములోనికి పోయి అచ్చటనే కూలిపోయెను. ఎట్లో ప్రాకుచు వచ్చి ప్రాణము దక్కించుకొనెను. గుడిసెలోని పొయ్యి గొట్టము కూడ విషవాయువును కారుచుండెను. పొయ్యి వెలిగించిన విషము, ఆర్పిన చలి. ఇంజను నడిపిన విషము, ఆపిన రేడియో మూగ. రేడియో మూగవోయినచో శిబిరమువారు నడిచీకటిలో తనను వెదకుచు వచ్చి ప్రాణములు పోగొట్టుకొందురని ఆయన భయము. అందుచే తన జబ్బును దాచి, తప్పనిసరి వేళలందు పలుకుచునే ఉండెను. పెట్రోలు యంత్రము పూర్తిగా పాడైన పిమ్మట చేతితో త్రిప్పు చిన్న డైనమోయే దిక్కయ్యెను. నిలువ ఓపిక లేని మనిషి తానే త్రిప్పుకొని తానే మోర్సు మీట నొక్కవలసివచ్చెను. తడబడుచు వచ్చిన ఆ సంకేతములను వినియే శిబిరమువారు కీడు శంకించిరి. రెండు సార్లు బయలుదేరి మరలిపోయి, మూడవ సారి ఆగస్టు 10వ తేదీన పౌల్టర్, డెమాస్, వెయిట్ అను మువ్వురు ట్రాక్టరుతో ఆయనను చేరిరి. అక్టోబరు వరకును ఆయనకు తిరుగు ప్రయాణమునకు శక్తి చాలలేదు.

ఈ వృత్తాంతమును చదువునపుడు నాకు ఒక దృశ్యము మనస్సున నిలుచును. నెత్తిపైన గాలి రాత్రింబవళ్ళు గిన్నెలను త్రిప్పుచున్నది. క్రింద మనిషి రేడియోకు శక్తి లేక చేతితో త్రిప్పుచున్నాడు. అచ్చట గాలిమర ఉండినచో ఆయన కష్టము తీరియుండెడిదా? పొగ మాత్రము ఉండెడిది కాదు. అయినను తొందరపడి అవునని అనరాదు. ఆ గుడిసె వెలుపల ఉష్ణోగ్రత సున్నకు దిగువ 60 డిగ్రీలకు కూడ దిగినది. పూర్తిగా ఛార్జియైన సీసపు బేటరీలోని ఆమ్లము ఇంచుమించు ఆ చలికి గూడ తట్టుకొనును గాని, ఛార్జి తరిగినదానిలో ఆమ్లము పలుచనై సున్నకు దిగువ పది డిగ్రీల దరిదాపులలోనే గడ్డకట్టి డబ్బాను పగులగొట్టును. మరల మన చిక్కు బేటరీ దగ్గరకే వచ్చినది.

అమెరికాలో గాలిమరల వైభవము ఎక్కువ కాలము నిలువలేదు. జెనిత్ వారు విండ్‌చార్జరును కొన్న 1935లోనే అమెరికా ప్రభుత్వము గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించెను. తీగెలు క్షేత్రముల వైపు సాగిన కొలది గాలిమరలు దిగిపోయినవి. 1950 తరువాతి సంవత్సరములలో జేకబ్స్ కర్మాగారము మూతపడెను. తీగెను నిందింపరాదు. రైతునకు రేడియో ఒక్కటే గాక మోటారు, పాలు పితుకు యంత్రము కూడ కావలసియుండెను. గాలిమర మిగిలినది తీగె చేరని చోట్లనే.

ఆ చోట్లలోనివే బీకన్లు. ఉత్తర కాలిఫోర్నియా ఔత్సాహికుల సంస్థ 1979లో ఒక బీకనుతో ప్రారంభించిన ప్రయత్నము క్రమముగా ప్రపంచమంతట 18 బీకన్ల వ్యవస్థగా పెరిగినది. అన్నియు 14,100 కిలోహెర్ట్‌జుల మీద, అనగా సుమారు 21 మీటర్ల తరంగముమీద, వంతులవారీగా పలుకును. ఒక్కొక్కదానికి పది సెకండ్లు. మూడు నిమిషములకు ఒక చుట్టు. తన పేరు చెప్పిన పిమ్మట ప్రతి బీకనును నాలుగు గీతలు పంపును. మొదటిది 100 వాట్లతో, తరువాతివి 10, 1, చివరిది వాటులో పదవ వంతుతో. చివరి గీత కూడ వినబడినచో దారి ఎంత చక్కగా నున్నదో ఊహింపవచ్చును. ఈ వ్యవస్థలో మనకు పొరుగున శ్రీలంకలో నెలకొల్పిన దాని పేరు 4ఎస్7బి.

అంతకంటె అల్పశక్తితో పనిచేయు పద్ధతిని 2008లో జో టేలర్ అను అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు వెలువరించెను. జంట నక్షత్రములలోని పల్సారును కనుగొన్నందుకు 1993లో నోబెల్ బహుమతి పంచుకొన్నవాడు ఈయనయే, బాల్యమునుండి హామ్. రోదసినుండి వచ్చు క్షీణ సంకేతములను రొదలోనుండి ఏరుట ఆయన వృత్తి. అదే విద్యను ఇంటి రేడియోకు వర్తింపజేసెను. ఈ పద్ధతికి విస్పర్ అని పేరు. గుసగుస అని అర్థము. పేరు, స్థలము, శక్తి, ఈ మూడింటిని దాదాపు రెండు నిమిషములపాటు తీరికగా, కేవలము ఆరు హెర్ట్‌జుల వెడల్పులో పలుకును. సాధారణ గ్రాహకములో వినబడు రొదలో ఆరు వందలవ వంతు మాత్రమే ఉన్న సంకేతమును గూడ కంప్యూటరు గుర్తింపగలదు. టార్చిదీపములో ఖర్చగు శక్తితో సముద్రములు దాటుట ఇప్పుడు నిత్యకృత్యము.

ఇప్పుడు మన కొండకొమ్ముకు వచ్చి లెక్క చూతము. మీటరు వ్యాసము గల రెక్కల చక్రము ఊడ్చు వైశాల్యము 0.785 చదరపు మీటర్లు. గాలి సెకనుకు 4 మీటర్ల వేగముతో వీచినపుడు ఆ వైశాల్యముగుండ పోవు శక్తి సుమారు 31 వాట్లు. ఇంట చేసిన రెక్కలు, డైనమో కలిసి ఇందు ఐదవ వంతు దక్కించినను గొప్పయే. అది 6 వాట్లు. గాలి 8 మీటర్లైనచో 49 వాట్లు. 2 మీటర్లైనచో లెక్కకు ముప్పాతిక వాటు. నిజమునకు సున్న, ఏలయన రెక్కలు కదలనే కదలవు. ఒక వాటు ప్రసారిణి 4 వాట్లు తీసికొని పది నిమిషములకొకసారి రెండు నిమిషములు పలుకుననుకొందము. గడియారమునకు అర వాటు కలిపిన సగటున 1.3 వాట్లు, దినమునకు 31 వాట్-గంటలు. గాలి వరుసగా ఐదు దినములు లేకపోయినచో కావలసినది 155 వాట్-గంటలు, అనగా 12 వోల్టుల వద్ద 13 ఆంపియర్-గంటలు. సీసపు బేటరీని సగమునకు మించి ఖాళీ చేయుట దానికి చేటు. కనుక 26 ఆంపియర్-గంటల బేటరీ పెట్టవలెను. ఎడతెగక పలుకుచు 3 వాట్లు తీసికొను మోర్సు బీకనునకైనచో ఇదే లెక్కన 60 ఆంపియర్-గంటలు. రెక్కలను పెంచుటకంటె మాటలను పొదుపుచేయుట చవుకయని ఈ అంకెలు తెలుపుచున్నవి.

గాలి కూడ అన్ని మాసములు ఒక్కటి కాదు. పూర్వపు అనంతపురము జిల్లాలోని రామగిరి కొండలు గాలిమరలకు ప్రసిద్ధి. అచ్చట నైరుతి ఋతుపవన మాసములలో గాలి హోరుమని వీచును. తరువాత తగ్గును. ఋతుపవనకాలపు లెక్కతో బేటరీని ఎంచినవాడు శీతకాలములో మోసపోవును. గాలి హెచ్చిన దినమున బేటరీ నిండిన పిమ్మట మిగిలిన విద్యుత్తునకు ఒక వేడితీగెను చూపవలెను. లేనిచో బేటరీ ఉడికిపోవును, లేదా భారము లేని డైనమో వెర్రివేగముతో తిరిగి రెక్కలు విరుగును. బ్రష్షులు గల డైనమో అయినచో అచ్చటి నిప్పురవ్వలు తామే చిన్న ప్రసారిణులై రేడియోలో బరబర ధ్వని చేయును. కెపాసిటరులతో దానిని అణచవలెను. ఎత్తైన కంబమునకు పిడుగు భయము కలదు కాబట్టి భూమికి దళసరి తీగెను దింపవలెను. వీనికన్నిటికి ముందు కేంద్రప్రభుత్వపు ఔత్సాహిక రేడియో అనుమతి పొందవలెను. అనుమతి లేక ప్రసారము చేయుట నేరము.

వినుటకు మాత్రము ప్రసారిణి అక్కరలేదు. మోర్సు వినగల పొట్టి తరంగపు గ్రాహకము ఏ పాఠశాలలోనైన ఉన్నచో, సాయంసమయమున 14,100 కిలోహెర్ట్‌జుల వద్ద నిలిపి, వినబడిన పేరును, వినబడిన గీతల సంఖ్యను, గంటను ఒక పుస్తకమున వ్రాయింపవచ్చును. ఒక మాసము వ్రాసిన తరువాత ఆ పుస్తకమును ప్రక్కన పెట్టుకొని సూర్యుని ఉదయాస్తమయ వేళలతో పోల్చి చూడవలెను.